40 ఎకరాల వరి కౌలు: మక్తా, వడ్డీ పోను మిగిలేదెంత?

డెల్టా_కాపు:
భీమవరం వైపు కాలువ కింద 40 ఎకరాలు ఒకే చెక్కగా కౌలుకు దొరుకుతోందండి. మక్తా (భూయజమానికిచ్చే కౌలు) సార్వాకి (ఖరీఫ్ పంట) ఎకరాకు 12 బస్తాలు, దాళ్వాకి (రబీ పంట) 18 (75 కిలోల బస్తా). పెట్టుబడి సార్వాకి 28 వేలు, దాళ్వాకి 32 వేలు. దిగుబడి 28, 42 బస్తాలు వేసుకున్నాను. కమీషన్ వ్యాపారి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. ట్రాక్టర్ లోనులో తీసుకోవాలా? పక్కనే 2 ఎకరాలు అమ్మకానికి ఉంది, ఎకరం 40 లక్షలు. బ్యాంకు అప్పుతో కొంటే నయమా?

బస్తా_లెక్క:
2025-26కి సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2369, అంటే బస్తాకు 1777. మీ అంకెలతోనే చూద్దాం. సార్వాలో మక్తా పోను 16 బస్తాలు, 28,432 రూపాయలు. పెట్టుబడి తీస్తే 432 మిగులు. దాళ్వాలో 24 బస్తాలు, 42,648, మిగులు 10,648. రెండూ కలిపి ఎకరాకు 11,080.

ఇప్పుడు వడ్డీ. పెట్టిన డబ్బు సగటున 5 నెలలు తిరుగుతుందనుకున్నా రెండు పంటలకు ఎకరాకు 6,000. మిగిలింది 5,080. నలభై ఎకరాల మీద 2 లక్షల చిల్లర. పంటకో బస్తా తగ్గిందా, 61 వేలు. రెండేసి తగ్గితే చేతి నుంచి 81 వేలు పడతాయి. సార్వా ఒక్కటే చూస్తే వడ్డీతో కలిపి మొదటి రోజు నుంచే నష్టం, దాన్ని దాళ్వా మోస్తోంది.

ఒక్కటి అడుగుతాను: మీ 28 బస్తాలు కోత మిషన్ దగ్గర తూచినవా, ఆరబెట్టాక తూచినవా? 22 శాతం తేమ ఉన్న ధాన్యం 17కి దిగితే తూకం 6 శాతం పోతుంది. 28 కాస్తా 26 చిల్లర అవుతాయి. కొనుగోలు కేంద్రంలో 17 దాటితే తీసుకోరు, బయట అమ్మితే తరుగు కోస్తారు. పైన చెప్పిన రెండు బస్తాల్లో చాలావరకు ఇక్కడే పోతాయి.

కాలువ_గట్టు:
పై లెక్కకి తోడు దాళ్వా నీళ్లు. గోదావరి పారుదల తగ్గిన ఏడాది ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీళ్ల మీదే ఆధారపడతాం, ఆయకట్టంతటికీ ఇస్తారన్న నమ్మకం లేదు. మక్తా పంటవారీగా రాయించుకోండి. నీళ్లివ్వకపోతే దాళ్వా మక్తా లేదని, తుపానుకి పంట పడిపోతే ఎంత తగ్గిస్తారో కాగితం మీద ఉండాలి. నోటిమాట కోతల నాటికి గుర్తుండదు.

40 ఎకరాలూ ఒకే రకం, ఒకే వారం నాటకండి. సార్వా పంట మొత్తం 1,120 బస్తాలు, అంటే 84 టన్నులు. అంత తడి ధాన్యం ఆరబెట్టే కళ్లం ఎవరికుంది? రోడ్డు మీద వేసి బరకాలు కప్పడమే. నారుమళ్లు వారం, పది రోజుల తేడాతో రెండు మూడు విడతలుగా పోయించండి. పడిపోయిన చేలో, బురదలో టైర్ల కోత మిషన్ దిగదు. చైన్ మిషన్ కావాలి, ఎకరాకు పట్టే గంటలూ పెరుగుతాయి. బాడుగ గంటకే కదా.

సొసైటీ_లెడ్జర్:
వడ్డీ దగ్గరే మీకు వెసులుబాటు. కౌలు కార్డు (సీసీఆర్‌సీ అంటారు, పంట సాగుదారు హక్కు పత్రం, 2019 చట్టం కిందది, 11 నెలలు చెల్లుతుంది) ఉంటే పంట రుణానికి బ్యాంకుకి వెళ్లొచ్చు. 3 లక్షల వరకు 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం రాయితీ, చివరికి 4 శాతమే. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా హామీ అడగకూడదు. ఆ 2 లక్షలకి 5 నెలల వడ్డీ వ్యాపారి దగ్గర 20 వేలు, ఇక్కడ మూడు వేల చిల్లర.

చిక్కు ఎక్కడంటే కార్డుకి భూయజమాని సంతకం కావాలి. ఆయన అదే సర్వే నంబరు మీద పంట రుణం తీసుకుని ఉంటే మీకు రెండోసారి ఇవ్వరు. అడ్వాన్సు చేతిలో పెట్టే ముందే ఇది తేల్చుకోండి. ఈ-క్రాప్ (ప్రభుత్వ పంట నమోదు) కూడా మీ పేరునే నమోదవ్వాలి. యజమాని పేరు ఎక్కితే ధాన్యం డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది, తర్వాత తిరగడం మీ పని. కార్డు కుదరకపోతే జేఎల్‌జీ (ఉమ్మడి బాధ్యతతో అప్పు తీసుకునే రైతుల గ్రూపు) కట్టి ప్రయత్నించండి. ఇంకోటి, వ్యాపారి ఇచ్చేది రెండు రూపాయల వడ్డీకే అయినా ధాన్యం తనకే తోలాలంటాడు. అక్కడ ధరలో కోసేది కూడా వడ్డీ కిందే లెక్క.

అరక_ట్రాక్టర్:
భూమి కొనడం సంగతి ఒక్క ముక్కలో: 40 లక్షలకి 10 శాతం వేసుకున్నా ఏడాదికి 4 లక్షల వడ్డీ. ఆ ఎకరంలో రెండు పంటలూ పండించి, ఖర్చు ఒక్క రూపాయి లేకుండా మొత్తం 70 బస్తాలు అమ్మినా వచ్చేది 1.24 లక్షలు. అదే ఎకరం కౌలుకిస్తే యజమానికి వచ్చేది 30 బస్తాలు, 53 వేలు. 40 లక్షల మీద ఒకటింబావు శాతం చిల్లర. చేపల, రొయ్యల చెరువుల గిరాకీ, ఇళ్ల స్థలాల ఆశ కలిసి కట్టిన ధర అది, వరితో తీరదు.

ట్రాక్టర్‌కి 7.5 లక్షల లోను, 12 శాతం, 5 ఏళ్లు అనుకుంటే ఆర్నెల్లకో వాయిదా, సుమారు 1.02 లక్షలు. ఏడాదికి 2.04 లక్షలు. దమ్ము (నాట్లకి ముందు నీళ్లు పెట్టి బురదగా దున్నడం) బాడుగ ఎకరాకు 5,500 చొప్పున రెండు పంటలకు 4.4 లక్షలు అవుతుంది గానీ డీజిలు, డ్రైవరు, రిపేర్లకి అందులో 60 శాతం పోతే మిగిలేది 1.76 లక్షలే. బయటి దమ్ములకి తిప్పితేనే వాయిదా గట్టెక్కుతుంది. దమ్ములు అందరివీ ఒకే పదిహేను రోజుల్లో పడతాయి, మీ నలభై చేసుకునేసరికే ఊళ్లో పని అయిపోతుంది.

డెల్టా_కాపు:
తూకం మిషన్ దగ్గరిదేనండి. మక్తా 10, 16కి దిగితే ఆలోచిస్తాను. దాళ్వాలో నాట్లు మానేసి వెదజల్లితే?

కాలువ_గట్టు:
దాళ్వాలో అదే చేయండి, నారు, నాట్ల కూలి రెండూ తగ్గుతాయి. ఎకరాకు 12-15 కిలోల విత్తనం, నానబెట్టి మండె కట్టి (మూటగట్టి మొలకెత్తించి) ముక్కు పగిలాక చల్లాలి. చేను చదునుగా లేకపోతే పల్లంలో మొలక కుళ్లుతుంది, మెరకలో ఊద కలుపు లేస్తుంది. కలుపు మందు ప్రెటిలాక్లోర్, సేఫ్‌నర్ (వరి మొలకను మందు నుంచి కాపాడేది) కలిపినదే కొనండి, చల్లిన 3-5 రోజుల్లో పడాలి. సేఫ్‌నర్ లేనిది నాట్లకి వాడేది, వెదజల్లిన మొలకను దెబ్బతీస్తుంది. సార్వాకి మాత్రం చల్లిన వారంలో ముంపు వస్తే మళ్లీ విత్తనం కొనాల్సిందే.