అప్‌డేట్: తమ్ముడి కోపం, నాన్న పెంపకం

హనుమకొండలో మా ఇరవై రెండేళ్ల తమ్ముడు చిన్న మాటకే గిన్నెలు విసురుతున్నాడు, తర్వాత రెండు రోజులు గది తలుపు తీయడు, ఇది నాన్న పెంపకం వల్లేనా అని రెండు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. సైకాలజిస్టుకు చూపించమని చాలామంది చెప్పారు. చూపించాం.

వ్యక్తిత్వ రుగ్మత అని ఆవిడ వెంటనే ముద్ర వేయలేదు. పెంపకం ఒక్కటే కారణం కాదన్నారు. పుట్టుకతోనే భావోద్వేగాలు తీవ్రంగా ఉండే పిల్లవాడికి, ‘ఇంతదానికే ఏడుపేమిటి’ అని కొట్టిపారేసే ఇల్లు తోడైతే, తన బాధను గుర్తించడం, అదుపు చేసుకోవడం అలవడవట. అమెరికా మనస్తత్వవేత్త మార్షా లైన్‌హాన్ 1993లో వివరించిన సిద్ధాంతమిది. ఆమె రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మాటల చికిత్సలో ఆ నేర్పులనే అలవాటు చేయిస్తారు.

ఇది వినగానే మా ఇల్లు కళ్లముందు కదిలింది. తమ్ముడు ఏడో తరగతిలో ఉన్నప్పుడు, లెక్కల్లో మార్కులు తగ్గాయని నాన్న బంధువులందరి ముందు వాడి అన్నం కంచం లాగేశారు. వాడు ఏడవలేదు. ఎంగిలి చేయి అలాగే ఉంచుకుని, ఎడమచేత్తో చాప ఈనెలు పీకుతూ కూర్చున్నాడు. బుద్ధిమంతుడని అందరం మెచ్చుకున్నాం. నేను కూడా. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మూడోసారి సైకాలజిస్టు దగ్గరికి నాన్న కూడా వచ్చారు. తిరిగి వస్తూ భద్రకాళి చెరువు గట్టున ఆగి, “ఆ రోజు నేను కంచం లాగకుండా ఉండాల్సిందిరా” అన్నారు. తమ్ముడు పలకలేదు. నాన్న చేతిలోని సంచి మాత్రం తాను అందుకున్నాడు.

గిన్నెలు విసరడం పూర్తిగా ఆగలేదు. గత వారం మళ్లీ జరిగింది. కానీ అరగంటకే తలుపు తీసి, మంచినీళ్లు అడిగాడు.

ఇలాంటి రాత్రులు గడుపుతున్నవారు 14416కు ఫోను చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది. తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.