పీఎల్ఏ తయారీలో టిన్ బదులు జింక్ క్యాటలిస్ట్ వాడితే నేలకి నిజంగా మేలేనా?

గుంటూరు_కెమ్:
అందరికీ నమస్తే అండి. నాది గుంటూరు, ఎమ్మెస్సీ ఆర్గానిక్ ఫైనల్ ఇయర్, ప్రాజెక్ట్ పీఎల్ఏ మీద, అంటే పాలీలాక్టిక్ యాసిడ్ అనే ప్లాస్టిక్. మొక్కజొన్న పిండి నుంచి లాక్టిక్ యాసిడ్, దాన్నుంచి లాక్టైడ్ అనే రింగ్ మాలిక్యూల్, క్యాటలిస్ట్ (రియాక్షన్‌ని వేగంగా నడిపే పదార్థం) వేసి ఆ రింగ్ తెరిస్తే పీఎల్ఏ, ఇక్కడిదాకా అర్థమైంది. ఫ్యాక్టరీల్లో ఎక్కడ చూసినా స్టానస్ ఆక్టోయేటే, అంటే టిన్, కానీ పేపర్లు తీస్తే జింక్, మెగ్నీషియం, ఐరన్ అని బోలెడు కాంప్లెక్సులు (మెటల్ చుట్టూ లైగాండ్లు అనే మాలిక్యూల్స్ పట్టుకుని ఉండేవి), అవి అంత బాగుంటే ఇన్నేళ్లయినా టిన్ని ఎందుకు వదలట్లేదు? ఇంకోటి, మా నాన్న మిర్చి వేస్తారు, పంటయ్యాక మల్చింగ్ షీట్ పీకుతుంటే ముక్కలైపోయి సగం చేలోనే ఉండిపోద్ది. రేపు నేలలో కలిసిపోయే షీట్ వచ్చినా అందులో క్యాటలిస్ట్ కూడా నేలలోకే కదా పోయేది, నాకు అసలు దిగులు అదే.

పాలిమర్_బెజవాడ:
తమ్ముడూ నీ దిగులు సరైనదే, క్యాటలిస్ట్‌ని పాలిమర్‌లోంచి కడిగి తీయటం ఖర్చు కాబట్టి పని చేయకుండా చేసి లోపలే వదిలేస్తారు. టిన్ ఎందుకు పోలేదంటే అది మొండిది, 180 డిగ్రీల దగ్గర కరిగిన లాక్టైడ్‌లో హాయిగా కలిసిపోద్ది, కాస్త తేమ ఉన్నా కాస్త లాక్టిక్ యాసిడ్ మిగిలినా తట్టుకుంటది, చవక. 1999లో అమెరికా కోర్నెల్ యూనివర్సిటీలో కోట్స్ వాళ్లు చేసిన జింక్ కాంప్లెక్స్ మామూలు గది వేడిలోనే నిమిషాల్లో పని ముగిస్తది, చెయిన్లో ఎల్, డి యూనిట్ల (ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లాంటివి) వరస కూడా పద్ధతిగా పడుద్ది, అద్భుతమైన కెమిస్ట్రీ అది, కానీ అలాంటివి తడి తగిలితే చచ్చిపోతాయి, గ్లవ్ బాక్స్ (గాలి, తడి చొరబడని పెట్టె) దాటి బయటికి రాలేవు. నాకు ఆశ కలిగించింది జర్మనీ ఆఖెన్‌లో హెరెస్ పావ్లిస్ గారి గ్రూప్ పని. గ్వానిడిన్ లైగాండ్లతో జింక్, ఐరన్ కాంప్లెక్సులు చేశారు, శుద్ధి చేయని లాక్టైడ్‌తో నేరుగా మెల్ట్‌లోనే నడుస్తాయి, టిన్ కంటే ఫాస్ట్. ముందు అవి చదువు.

ఆటోనగర్_ఫిల్మ్:
మాది ఫిల్మ్ యూనిట్. పీఎల్ఏ గ్రాన్యూల్స్‌లో తేమ 250 పీపీఎం లోపుకి రాకుండా మెషిన్‌లో వేస్తే చెయిన్లు తెగి పెళుసుగా వస్తది, లోపల క్యాటలిస్ట్ ఇంకా బతికుంటే ఆ వేడికి వెనక్కి లాక్టైడ్ అయిపోయి డై దగ్గర పొగ. ఏ మెటల్ అయినా చివర్లో దాన్ని ఆపటం మా వరకు ముఖ్యం. ఇంకో మాట, కంపోస్టబుల్ క్యారీ బ్యాగులు ఎక్కువగా పీబీఏటీ అనే ఇంకో ప్లాస్టిక్, దానికి క్యాటలిస్ట్‌గా వాడేది టైటానియం.

పాలిమర్_బెజవాడ:
ఆటోనగర్ అన్న చెప్పింది నిజం, అయితే ఆ వెనక్కి నడిచే గుణమే రీసైక్లింగ్‌కి పనికొస్తది, కొన్ని జింక్ కాంప్లెక్సులు మిథనాల్ పోస్తే అదే పీఎల్ఏని మిథైల్ లాక్టేట్‌గా విప్పేస్తాయి.

తమ్ముడూ, జింక్ అనగానే వరికి జింక్ సల్ఫేట్ చల్లుతాం కదా పర్లేదులే అనుకోమాక. లెక్క చూడు, లాక్టైడ్ మాలిక్యులర్ వెయిట్ 144, జింక్ 65, వెయ్యి లాక్టైడ్‌లకి ఒక జింక్ వేస్తే కిలో పాలిమర్‌లో దాదాపు 450 మిల్లీగ్రాములు మిగులుద్ది. యూరప్ కంపోస్టబుల్ ప్రమాణం ఈఎన్ 13432 లో జింక్ పరిమితి కిలోకి 150. అదే 5000 కి ఒకటి వేసి పని చేయించగలిగితే 90 దగ్గరికి వస్తది. అందుకే పేపర్లో నేను మొదట చూసేది ఆ నిష్పత్తి, మెటల్ పేరు తర్వాత.

మిర్చి చేను సంగతికొస్తే ఒట్టి పీఎల్ఏ షీట్ నమ్ముకోవద్దు, దానికి కంపోస్ట్ కుప్పలో ఉండే 58 డిగ్రీల వేడి, తడి రెండూ కలిసి వారాల తరబడి కావాలి, రోహిణి కార్తెలో పైన మట్టి ఎంత కాలినా లోపల అట్లా ఉండదు. నేలలో పోవాల్సిన మల్చ్ షీట్లకి ఈఎన్ 17033 వేరే ఉంది, 25 డిగ్రీల దగ్గర నేలలో రెండేళ్లలోపు 90 శాతం పోవాలి, అక్కడ ఎక్కువగా పీబీఏటీ మిశ్రమాలే.

గుంటూరు_కెమ్:
చాలా థ్యాంక్స్ అన్నా, ఈ లెక్క మా క్లాసులో ఎవరూ వేయలేదు. మా ల్యాబ్‌లో గ్లవ్ బాక్స్ లేదు, కాబట్టి బాటిల్లో వచ్చిన లాక్టైడ్‌నే శుద్ధి చేయకుండా 1000, 5000 రెండు నిష్పత్తుల్లో టిన్‌తో పోల్చి చూడాలని మా సార్‌ని అడుగుతాను. గ్వానిడిన్ లైగాండ్ మామూలు ఫ్యూమ్ హుడ్‌లో చేసుకోవచ్చా?

పాలిమర్_బెజవాడ:
లైగాండ్ స్టెప్‌లో ఫాస్జీన్ అనే విషవాయువు వాడే రూట్ ఉంటది, దాని జోలికి అస్సలు పోవద్దు. రెడీమేడ్ లైగాండ్ దొరుకుద్దేమో మీ సార్‌తో వెతికించు.