క్యాట్6 వైరుకు ఏ ఆర్‌జే45 కనెక్టర్ కొనాలి? షాపులో మూడు రకాలు చూపించి తికమక పెట్టారు

మిద్దెమీదకెమెరా (కడప):
అన్నలూ, చిన్న డౌట్. కడపలో మా కొత్త ఇల్లు అయిపోవచ్చింది. గోడల్లో పైపులు వేసేటప్పుడే కరెంటు పని చేసే అన్న నెట్ వైరు కూడా లాగేశాడు. మెట్ల కింద రూటర్ పెట్టే చోటు నుంచి రెండు బెడ్‌రూములకు, హాల్లో టీవీ వెనకకు, మిద్దె మీద కెమెరాకు ఒకటి. వైరు మీద క్యాట్6 అని ఉంది. చివర్లన్నీ ఇంకా అట్లే వేలాడుతున్నాయి.

ఏడు రోడ్ల దగ్గర ఒక షాపుకు పోయి వైరు చివర బిగించే ఆర్‌జే45 కనెక్టర్లు అడిగితే మూడు రకాలు ముందర పోశారు. ఒకటి మామూలు ప్లాస్టిక్‌ది, ఒకటి ముందు వైపు కూడా రంధ్రాలున్నది (పాస్ త్రూ అంట), ఇంకోటి పైన రేకు తొడుగు ఉన్నది. షాపాయన రేకుదే గట్టిది తీస్కోమంటాడు, పక్కన నిలబడిన ఇంకో కస్టమరేమో అన్నీ ఒకటేలే అంటాడు. ఏమీ కొనకుండా వచ్చేశా.

మా మామ తన దగ్గర మిగిలిన పాత కనెక్టర్లతో హాల్ వైరు ఒకటి క్రింప్ చేసిచ్చాడు (టూలుతో కనెక్టర్ నొక్కి బిగించడం). వైర్లు లోపలికి పోవడానికే మొరాయించాయి, బలవంతంగా దూర్చాడు. నెట్ వస్తోంది గానీ ల్యాప్‌టాప్‌లో లింక్ స్పీడ్ 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది. రూటర్, ల్యాప్‌టాప్ రెండూ గిగాబిట్‌వే (1000 ఎంబీపీఎస్). తప్పు వైరుదా, కనెక్టర్‌దా? ఏది కొనాలో తేల్చి చెప్పండి.

సీమ_కేబులింగ్ (అనంతపురం):
తమ్ముడూ, నువ్వు చూడాల్సింది కనెక్టర్ ప్యాకెట్ మీద రాసింది కాదు, నీ వైరు తొడుగు మీద అచ్చేసింది. అక్కడ 23 ఏడబ్ల్యూజీ అనో 24 ఏడబ్ల్యూజీ అనో, యూటీపీ (లోపల రేకు పొర లేనిది) అనో ఎఫ్‌టీపీ (రేకు పొర ఉన్నది) అనో ఉంటుంది. ఏడబ్ల్యూజీ అంటే తీగ లావు కొలత, ఈ లెక్కలో నంబరు తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. క్యాట్6 గోడ వైరు ఎక్కువగా 23, క్యాట్5ఈ 24. మీ మామ దగ్గర మిగిలినవి క్యాట్5ఈ కనెక్టర్లు అయ్యుంటాయి, వాటి రంధ్రాలు సన్నం, ఎనిమిదీ ఒకే వరసలో ఉంటాయి. లావు తీగను అందులోకి తోస్తే ఏదో ఒకటి చివరిదాకా పోకుండా మధ్యలోనే ఆగిపోతుంది. క్యాట్6 కనెక్టర్ ముందు నుంచి చూడు, చాలావాటిలో రంధ్రాలు నాలుగు పైన నాలుగు కింద అన్నట్టు రెండు మెట్లుగా ఉంటాయి. కొన్నిటికి లోడ్ బార్ అని చిన్న ప్లాస్టిక్ ముక్క వేరుగా వస్తుంది, తీగలు ముందు దాంట్లోకి ఎక్కించి తర్వాత కనెక్టర్‌లోకి తోయాలి.

100 ఎంబీపీఎస్ సంగతి దీనికి చుట్టమే. 100 స్పీడ్‌కు 1, 2, 3, 6 నంబర్ల తీగలు, అంటే రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. మిగతా నాలుగు తీగల్లో (4, 5, 7, 8) ఒక్కటి అందకపోయినా చాలా పరికరాలు గప్‌చిప్‌గా 100కి దిగిపోతాయి, నెట్ మాత్రం ఆగదు. అందుకే "నెట్ వస్తోంది కదా, క్రింపింగ్ బాగుంది" అనుకుని నెలలు గడిపేసేవాళ్లు ఉంటారు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. కనెక్టర్ లోపలి బంగారు రంగు పళ్లను ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడు. రెండు కొనల పన్ను అయితే తీగను పొడుచుకుని లోపలికి దిగుతుంది, అది సన్నపోగులు మెలితిప్పిన ప్యాచ్ కార్డ్ (రెండు చివర్లా కనెక్టర్‌తో రెడీమేడ్‌గా వచ్చే చిన్న వైరు) వైరుకు. మూడు కొనల పన్ను అయితే అటొకటి ఇటొకటి తీగను పట్టుకుంటుంది, ఒకే తీగ ఉండే గోడ వైరుకు అదే కావాలి. రెండు కొనలది ఒంటితీగ మీద నొక్కితే ఆ రోజు పనిచేస్తుంది, కొన్నాళ్లకు కదిలి వదులవుతుంది. షాపులో "సాలిడ్ వైర్‌కు ఇవ్వండి" అని అడుగు.

రేకుది వద్దు. నీది యూటీపీ అయితే లోపల రేకు పొరే ఉండదు, కనెక్టర్‌కు మాత్రం తొడిగి ఏం లాభం? ఎఫ్‌టీపీ అయినా సరే, ఆ పొర కనెక్టర్ ద్వారా స్విచ్‌కు, అక్కణ్ణుంచి ఎర్త్‌కు పోవాలి. మన ఇళ్లలో రూటర్లు రెండు పిన్నుల అడాప్టర్ మీద నడుస్తాయి, ఎర్త్ ఎక్కడిది?

బురుజు_నెట్ (కర్నూలు):
పైన అన్న చెప్పినదానికి నాదొకటి. కొత్తగా క్రింప్ చేసేవాళ్లకు పాస్ త్రూనే నయం. తీగలు ముందు వైపు బయటికి వచ్చేస్తాయి కాబట్టి నొక్కకముందే రంగుల వరస కళ్లతో చూసుకోవచ్చు. తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. ఇది 568బీ అనే ప్రామాణిక వరస. కనెక్టర్ క్లిప్పు కిందికి, బంగారు పళ్లు పైకి, వైరు నీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి ఒకటి. రెండు చివర్లూ ఇదే వరస.

వరస మీ ఇష్టమొచ్చినట్టు పెట్టి, "రెండు వైపులా ఒకేలా ఉంటే చాలు కదా" అనేవాళ్లు ఉన్నారు. ఆకుపచ్చ జతను పక్కపక్కన పెడితే 3, 6 తీగలు వేర్వేరు జతలవి అవుతాయి. చవక టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి, స్పీడ్ మాత్రం ఏడుస్తుంది.

సీమ_కేబులింగ్ (అనంతపురం):
పాస్ త్రూ చెడ్డదనను, కానీ దానికి ముందు బ్లేడు ఉన్న టూలే కావాలి. మామూలు టూలుతో నొక్కి, మిగిలిన తీగలను కట్టర్‌తో కత్తిరిస్తే రాగి కొనలు బయటికి పొడుచుకుని ఉంటాయి. పక్కపక్క కొనలు తగిలితే షార్ట్, పైగా కెమెరా వైరులో పీఓఈ కరెంటు (నెట్ వైరు ద్వారానే పరికరానికి అందే కరెంటు) పోతుంది. బ్లేడు మొద్దుబారినా అదే కథ. కడపలో ఆ టూలు అద్దెకిచ్చేవాళ్లు దొరికితే తీస్కో, లేకపోతే మామూలుదే మేలు.

మిద్దెమీదకెమెరా (కడప):
అన్నా, తొడుగు మీద 23 ఏడబ్ల్యూజీ, యూటీపీ అనే ఉంది. హాల్ కనెక్టర్‌ను వెలుతురులో పెట్టి చూస్తే గోధుమ రంగు తీగ మిగతావాటి కంటే వెనకే ఆగిపోయింది, పన్ను దాని మీద పడనే లేదు. రేపు కొంటా. ఇంకో డౌట్, వైరు అసలు రాగిదేనా అని ఎట్లా తెలుసుకోవాలి?

బురుజు_నెట్ (కర్నూలు):
ఒక తీగ తొడుగు ఒలిచి, బ్లేడుతో గీకు. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా తేలితే అది సీసీఏ, అంటే అల్యూమినియం మీద రాగి పూత. అట్లాంటిది క్రింప్ దగ్గరే విరుగుతుంది, దూరం పోయే పీఓఈకి అస్సలు పనికిరాదు, దానికి ఎంత మంచి కనెక్టర్ పెట్టినా వేస్ట్.

మిద్దెమీదకెమెరా (కడప):
గీకా. లోపలా ఎర్రగానే ఉంది. టెన్షన్ తగ్గింది.

ప్యాచ్‌ప్యానెల్ (ప్రొద్దుటూరు):
అందరూ ఏ కనెక్టర్ అనే మాట్లాడుతున్నారు, గోడలోంచి వచ్చే వైరుకు కనెక్టర్ ఎందుకయ్యా అసలు? ఆఫీసుల్లో చూడండి, గోడకు ఐఓ బాక్స్ (నెట్ సాకెట్ పెట్టె), దాంట్లో కీస్టోన్ జాక్ (ప్యాచ్ కార్డ్ గుచ్చే సాకెట్ ముక్క), అక్కణ్ణుంచి రెడీమేడ్ ప్యాచ్ కార్డ్. గోడ వైరు ఒంటితీగ, పదే పదే వంచితే తెగుతుంది, అందుకని అది కదలకుండా బాక్స్‌లో ఉండాలి, రోజూ కదిలేది ప్యాచ్ కార్డ్ కావాలి. రేపు టీవీ జరిపినప్పుడు కార్డ్ పాడైతే వంద నూట యాభైలో కొత్తది వస్తుంది, గోడలో వైరు పొట్టిదైపోతే మళ్లీ ఎవరు లాగుతారు?

కీస్టోన్‌లో తీగలు పంచింగ్ టూలుతో నొక్కడమే, జాక్ పక్కనే ఏ, బీ రెండు వరసలకూ రంగులు అచ్చేసి ఉంటాయి, బీ చూసుకో. జతల మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దు, చక్కగా కనిపించాలని పొడుగ్గా విప్పేస్తారు కొందరు, అక్కడే స్పీడ్ పోతుంది. బెడ్‌రూములకు, హాల్‌కు ఇదే చెయ్, మెట్ల కింద కూడా.

కెమెరాకు మాత్రం కనెక్టర్ నేరుగా వైరుకే క్రింప్ చేయాలి, మామూలు క్యాట్6 సాలిడ్‌ది చాలు. కెమెరాతో ఒక గుండ్రటి ప్లాస్టిక్ మూత, రబ్బరు రింగు వస్తాయి చూడు, అవి క్రింప్ చేయకముందే వైరుకు ఎక్కించాలి. కనెక్టర్ వెనక రబ్బరు బూటు వేయొద్దు, మూతలోకి పట్టదు. వైరు బయటి తొడుగు కనెక్టర్ లోపలిదాకా పోవాలి, క్రింప్ చేసినప్పుడు ప్లాస్టిక్ నాలుక తొడుగునే అదమాలి గానీ లోపలి తీగలను కాదు. మిద్దె మీద ఎండకు మామూలు పీవీసీ తొడుగు పెళుసుబారుతుంది, బయట కనిపించే ముక్క వరకైనా పైపులో పెట్టించు.

మిద్దెమీదకెమెరా (కడప):
ఇది ముందే తెలిస్తే కరెంటన్న చేత బాక్సులు కూడా బిగించేవాణ్ణి. సరే, మూడు గదులకు కీస్టోన్, కెమెరాకు సాలిడ్ వైర్ కనెక్టర్. పంచింగ్ టూలు షాపులో అడిగి చూస్తా. గోడలో బాక్స్ లోతు ఎంత ఉండాలి అన్నా, స్విచ్ బోర్డుది సరిపోతుందా?

ప్యాచ్‌ప్యానెల్ (ప్రొద్దుటూరు):
మామూలు మాడ్యులర్ బాక్స్ సరిపోతుంది, రెండు మాడ్యూల్ సైజు ఫేస్‌ప్లేట్ అడుగు. వెనక వైరు ఒక చుట్టు మిగిలేలా ఉంచు. కరెంటు స్విచ్‌లున్న బాక్స్‌లోనే పెట్టేయకు, పక్కన వేరేది కొట్టించు.

మిద్దెమీదకెమెరా (కడప):
థాంక్స్ అన్నా. మామకు ఈ థ్రెడ్ చూపించాల్సిన పని లేదు, పాత కనెక్టర్లన్నీ ఇప్పటికే మా ఇంటికి పంపేశాడు.