1972 అంబాసిడర్ మార్క్ 2: లోపల కలంకారీ వేయించాలనుంది, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

కృష్ణాతీరం, మచిలీపట్నం:

అందరికీ నమస్కారం. మా తాతగారి 1972 అంబాసిడర్, మార్క్ 2, పెట్రోలు బండి. చాలా ఏళ్లుగా ధాన్యం కొట్టు పక్క రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. ఇంజను పని మా మెకానిక్ చూసుకుంటానన్నాడు, దాని గురించి బెంగ లేదు. నా సందేహాలన్నీ లోపలి పని గురించి, బయటి మెరుపుల గురించి.

బెంచి సీట్లు రెండూ చినిగి స్ప్రింగులు పైకొచ్చాయి. రూఫ్ లైనింగు వేలాడుతోంది. డోర్ ప్యాడ్లు కింది నుంచి ఉబ్బిపోయి, ముట్టుకుంటే పొట్టు రాలుతోంది. బంపర్లకు, హబ్ క్యాపులకు క్రోమ్ లేచిపోయింది. స్టీలు బీడింగులు (కిటికీల చుట్టూ ఉండే మెరుపు పట్టీలు) అక్కడక్కడా సొట్టలు పడ్డాయి. ముందు సీటు కింద నేల రేకు వేలితో నొక్కితే మెత్తగా తగులుతోంది.

ఉన్నది ఉన్నట్టు ఎర్ర రెగ్జిన్ మళ్లీ వేయించాలని నాకు లేదు. పెడన మాకు పక్కనే. అక్కడి కలంకారీ బట్ట సీట్ల మధ్య భాగానికి, డోర్ ప్యాడ్లకు, రూఫుకు వేయిస్తే బాగుంటుందని ఆశ. ఇక్కడొక కార్ డెకరేషన్ షాపులో అడిగితే, బెంచి తీసేసి రెండు బకెట్ సీట్లు వేద్దాం, డ్యాష్ బోర్డు కోసి పెద్ద స్క్రీను పెడదాం అంటున్నారు. డబ్బు ఒక్కసారే పెట్టగలను. ఏ పని ముందు, ఏది తర్వాత?

రేకుపని, ఏలూరు:

తమ్ముడూ, బట్ట సంగతి పక్కన పెట్టు. ఆ మెత్తగా ఉన్న రేకు సంగతి ముందు చూడు. అంబాసిడర్‌కు లారీలా విడి ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. పైగా ఈ బండికి ముందు సస్పెన్షన్ టార్షన్ బార్ల మీద, అంటే మెలితిరుగుతూ స్ప్రింగుల్లా పనిచేసే పొడవాటి ఉక్కు కడ్డీల మీద నడుస్తుంది. ఆ బార్లు వెనక్కి వచ్చి ముందు సీటు కింద అడ్డంగా ఉన్న క్రాస్ మెంబరుకు బిగిసి ఉంటాయి. నువ్వు చెప్పిన మెత్తదనం సరిగ్గా ఆ చుట్టుపక్కలే. అక్కడ తుప్పు పట్టిందంటే అందం మాట తర్వాత, ప్రాణం మాట ముందు.

కార్పెట్టు, దాని కింది గోనె ఫెల్టు మొత్తం పీకేయి. ఎండిపోయిన బిటుమిన్ గీకేసి స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. సిల్లులు (డోర్ల కింద పొడవునా ఉండే బోలు రేకు భాగాలు), డోర్ల అడుగు అంచులు, డిక్కీ నేల, వెనక కమాను పట్టీలు బిగించే చోట్లు కూడా పొడవాలి. దిగబడిన చోటల్లా పాత రేకు కోసేసి కొత్త రేకు వేయించాలి. పాత రేకు మీదే ఇంకో రేకు అతికించి, లప్పం పూసి, రంగు కొట్టి ఇచ్చేవాళ్లుంటారు. ఆ రెండు రేకుల మధ్య నీళ్లు చేరితే రెండు వర్షాకాలాల్లో మళ్లీ మొదటికొస్తుంది. నేల పనికి గ్యాస్ వెల్డింగు వద్దు, వేడికి రేకు అలలు తేలుతుంది. సీవోటూ వెల్డింగు ఉన్న షెడ్డు చూసుకో. క్రాస్ మెంబరు జోలికి వెళ్లేముందు టార్షన్ బార్ల బిగువు వదిలించాలి, అది తెలిసిన మనిషే ముట్టుకోవాలి.

సముద్రం పక్క ఊరు కదా, వెల్డింగు అయ్యాక సిల్లుల లోపలికి మైనం స్ప్రే కొట్టించడం మరిచిపోకు.

సీట్లమేస్త్రి, విజయవాడ ఆటోనగర్:

ఆయన చెప్పింది నిజం. నా దగ్గరికి వచ్చే పాత బండ్లలో సగం నీళ్లు కారే బండ్లే. పైన కొత్త సీటు, కింద తడిసిన ఫెల్టు. పెయింటు పూర్తయ్యాక, అద్దాలు ఎక్కించకముందు బండి నా బోటి వాడి దగ్గరికి రావాలి. ఎందుకంటే రూఫ్ లైనింగు అంచుల్ని ముందు, వెనక అద్దాల అంచు రేకు మీదికి లాగి అతికిస్తాం, దాని మీద అద్దం రబ్బరు కూర్చుంటుంది. అద్దాలు ముందే ఎక్కించేస్తే ఆ రబ్బరు మళ్లీ విప్పాల్సిందే.

డోర్ ప్యాడ్లు ఎందుకు ఉబ్బాయో చెప్తాను బాబూ. అద్దం పక్క నుంచి వాన నీళ్లు డోరులోకి దిగడం మామూలే. డోరు అడుగున రంధ్రాలుంటాయి, వాటి గుండా బయటికి పోవాలి. అవి మట్టితో పూడుకుపోయి ఉంటాయి, సైకిలు పుల్లతో పొడిచి తీయి. ప్యాడుకూ రేకుకూ మధ్య పాలిథీన్ షీటు ఉండాలి, చాలా బండ్లలో అది చింపేసి ఉంటుంది. ఈ రెండూ సరిచేయకుండా కొత్త ప్యాడు వేసినా మళ్లీ ఇలాగే ఉబ్బుతుంది. హార్డ్ బోర్డు బదులు 3 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై కోయించు, అంచులకు రెండు చేతులు వార్నిషు పట్టించు. పాత ప్యాడు ఎంత పాడైనా పారేయకు. క్లిప్పుల రంధ్రాలు, అద్దం హ్యాండిలు రంధ్రం దాని మీదే గీసుకోవాలి.

ఇక సీట్లు. చట్రం, స్ప్రింగులు బాగుంటే ఫోమ్ దిమ్మ పెట్టి స్ప్రింగులు తీసేద్దాం అనేవాళ్ల మాట వినొద్దు. ఆ బెంచి మీద ఊగుతూ కూర్చోవడంలోనే అంబాసిడర్ సుఖముంది. విరిగిన స్ప్రింగులు మార్చి, పైన గోనెపట్టా గట్టిగా లాగి కుట్టి, దాని మీద రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు పొర, ఆ పైన ఫోమ్. కూర్చునే చోట 40 డెన్సిటీ, వీపు వైపు 32 సరిపోతుంది. గోనె వేయకపోతే స్ప్రింగు కొసలు పీచును కోసేస్తాయి.

కలంకారీ గురించి. రూఫుకు వద్దు. లైనింగు లోపల అడ్డంగా ఇనప కమ్మీలుంటాయి, బట్టను వాటికి తొడిగి నాలుగు వైపులా లాగాలి. నూలు బట్ట సాగదు, మూలల్లో ముడత పడుతుంది, మీ బందరు గాలి తేమకు వదులై జారుతుంది. రూఫుకు మీగడ రంగు లైనింగు బట్టే వేసుకో. కమ్మీలు తీసేటప్పుడు ముందు నుంచి వెనక్కి నంబర్లు వేసి ఉంచు, ఒక్కో కమ్మీ వంపు ఒక్కోలా ఉంటుంది. గమ్ము కూడా వేడికి ఆగేదే కొను. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండి రేకు మీద మామూలు గమ్ము పాకంలా కారుతుంది.

డోర్ ప్యాడు పై సగానికి, సన్ వైజర్లకు కలంకారీ బ్రహ్మాండంగా ఉంటుంది. సీటు మధ్య భాగానికి కూడా వేయొచ్చు కానీ శాశ్వతంగా కుట్టేయకూడదు. అంచులు, పక్కలు రెగ్జిన్‌తో చేసి, మధ్య ముక్కను జిప్పుతో విడిగా వచ్చేట్టు చేస్తాను. చెమట, తలనూనె మరకలు పడకుండా ఉండవు, విప్పి ఉతుక్కోవచ్చు. బట్టను ముందే ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసి తేవాలి, లేకపోతే కుట్టాక కుదించుకుంటుంది. వెనక 3 మిల్లీమీటర్ల పల్చటి ఫోమ్ అతికిస్తే ముడత పడదు.

కృష్ణాతీరం:

మేస్త్రిగారూ, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్ అండీ. బట్ట ఎన్ని మీటర్లు కావాలి? బకెట్ సీట్ల గురించి ఏమంటారు?

సీట్లమేస్త్రి:

రెగ్జిన్ 54 అంగుళాల పన్నాది పది మీటర్ల దాకా అనుకో. కలంకారీ మాత్రం లెక్క ప్రకారం కొంటే చాలదు. ఎడమ డోరు మీద లత ముందుకు పాకితే కుడి డోరు మీద కూడా ముందుకే పాకాలి. కోసేటప్పుడు పువ్వు నడిమికి రావాలి. కాబట్టి కొంత వృథా అవుతుంది, కొలతకు సగం అదనంగా తీసుకో. బకెట్ సీట్ల గురించి పాతబండి గారు వచ్చి చెప్తారులే, ఆయనకు ఆ మాట వింటేనే బీపీ పెరుగుతుంది.

పాతబండి, సికింద్రాబాద్:

పెరిగింది కూడా. అంబాసిడర్‌కు గేరు స్టీరింగు పక్కన ఉండేదే ముందు ముగ్గురు కూర్చోవడానికి. బెంచి తీసేసి బకెట్ సీట్లు వేయాలంటే నేల రేకుకు కొత్త రంధ్రాలు చేయాలి, బ్రాకెట్లు వెల్డు చేయాలి. అదీ ఇప్పుడిప్పుడే బాగుచేయించబోతున్న రేకుకు. డ్యాష్ బోర్డు కోస్తే ఇక అతికేది కాదు. పాట కావాలంటే చిన్న బ్లూటూత్ ఆంప్లిఫయరు సీటు కింద పెట్టి, స్పీకర్లు వెనక అద్దం కింది అరలో పెట్టుకోండి. వైర్లకు విడిగా ఫ్యూజు వేయించండి, పాత వైరింగు మధ్యలో కోసి కలపొద్దు. ఆ వైర్లన్నీ లైనింగు, కార్పెట్టు వేయకముందే లాగేయాలి.

నాకైతే ఫ్యాక్టరీ రెగ్జినే ఇష్టం. కానీ మేస్త్రిగారు చెప్పినట్టు విప్పి తీయగలిగేలా చేస్తే కలంకారీకి నా అభ్యంతరం లేదు. నా కొలత ఒకటే: రేపు మీ అబ్బాయి మళ్లీ పాత రూపానికి తెచ్చుకోవాలనుకుంటే స్క్రూడ్రైవరుతో పనైపోవాలి, వెల్డింగు మిషను అవసరం పడకూడదు.

కాగితాల సంగతి కూడా చెప్తాను. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 81ఎ నుంచి 81జి దాకా చేర్చారు. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంటే వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరణకు 5 వేలు. పాత నంబరు ఉన్న బండికి ఆ నంబరే ఉంటుంది, కొత్తగా నమోదయ్యే వాటికి నంబరులో వీఏ అక్షరాలుండే సిరీస్. అయితే ఈ దారిలో వెళ్తే బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, పెట్రోలు కొట్టించుకోవడం, మరమ్మతు, అంతే. ఆదివారం పిల్లల్ని మంగినపూడి బీచికి తీసుకెళ్లాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించుకోండి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 2025 ఆగస్టులో 10 వేలకు పెంచారు, గ్రీన్ ట్యాక్సు వేరు. సీట్ల బట్ట మారిస్తే ఎవరూ అడగరు. బయటి రంగు మారిస్తే మాత్రం ఆర్సీలో ఎక్కించాలి.

కృష్ణాతీరం:

సార్, రెన్యువలే చేయిస్తాను, వాడుకోకపోతే ఇదంతా ఎందుకు. మరి క్రోమ్ పని? ఒకాయన బంపర్లు, బీడింగులు అన్నీ కలిపి గుత్తకు మాట్లాడదాం అన్నాడు.

పాతబండి:

అన్నీ కలిపి ఇవ్వొద్దు. బంపరు ఇనుము, దానికి ప్లేటింగు కావాలి. కిటికీల చుట్టూ ఉండేవి స్టెయిన్‌లెస్ బీడింగులైతే వాటికి ప్లేటింగే అక్కర్లేదు. అయస్కాంతం పెట్టి తేల్చుకుందామనుకోకండి, కొన్ని రకాల స్టెయిన్‌లెస్‌కు కూడా అయస్కాంతం అంటుకుంటుంది. వెనక వైపు చూడండి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎర్రతుప్పు లేకుండా బూడిద రంగులో శుభ్రంగా ఉంటే అది స్టెయిన్‌లెస్సే. సొట్టను లోపలి నుంచి టేకు ముక్కతో, చిన్న సుత్తితో ఇసుక సంచి మీద పెట్టి నెమ్మదిగా నెట్టాలి. తర్వాత 400, 600, 800, 1200 నంబరు నీటి కాగితాలు (తడిపి రుద్దే ఉప్పుకాగితాలు) వరసగా రుద్ది బఫ్ చేయిస్తే అద్దంలా వస్తుంది. ఈ పని ఇంట్లో మీరే చేసుకోవచ్చు.

హ్యాండిళ్లు, బానెట్ బొమ్మ లాంటి పోత ముక్కలు ఉంటాయి, బరువుగా, తుప్పు పట్టకుండా బొబ్బలెక్కి ఉంటాయి. అవి మజాక్, అంటే జింకు పోత. వాటిని ఇనుములాగా యాసిడ్ తొట్టిలో ముంచితే కరిగిపోతాయి. మజాక్ చేసిన అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వాలి.

బంపరుకు ముందు రాగి, దాని మీద నికెల్, చివరికి క్రోమ్. తుప్పును ఆపేది నికెల్, ఎండావానల్లో తిరిగే ముక్కకు అది 20 మైక్రాన్లకు తగ్గకూడదు. క్రోమ్ ఒక మైక్రానులో మూడో వంతు కూడా ఉండదు. తక్కువ ధరకు చేసేవాళ్లు తగ్గించేది నికెల్ దగ్గరే, చూడ్డానికి తేడా తెలియదు, ఏడాది తిరిగేసరికి పొక్కులు లేస్తాయి. ప్లేటింగు అయ్యాక బంపరు లోపలి వైపు జింక్ ప్రైమరు, రంగు వేయించండి. ఇచ్చేముందు ప్రతి ముక్కకూ ఫొటో తీసి, జాబితా రాసి సంతకం చేయించుకోండి. నా హెడ్ లైటు రింగు ఒకటి తొట్టి అడుగున పడిపోయిందన్నారు, ఇంతవరకు పైకి రాలేదు.

దొరకని ముక్కలకు ఆటోనగర్ తర్వాత కోల్‌కతా మల్లిక్ బజారు చూడండి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది కాబట్టి కొత్త మోడళ్ల సామాను ఇంకా ఎక్కువ కనపడుతుంది. గ్రిల్లు మాత్రం గళ్ల నమూనాది, మార్క్ 2దే అడగండి. 1979లో వచ్చిన మార్క్ 4కి ముందు ముఖమే వేరు.

అద్దకం, పెడన:

ఆలస్యంగా చూశాను. బట్ట గురించి ఒక మాట అన్నా. షాపుల్లో కలంకారీ పేరుతో అమ్మేదంతా అచ్చు అద్దకం కాదు, స్క్రీన్ ప్రింట్లు కూడా ఉంటాయి. తడి తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడు, రంగు అంటితే సీటుకు పనికిరాదు, తెల్ల చొక్కా వేసుకున్నవాడు తిడతాడు.

సహజ రంగుల్లో నలుపును ఇనుము, బెల్లం పులియబెట్టిన కసిం నుంచి తీస్తాం. కరక్కాయ పట్టించిన బట్ట మీద అది నల్లగా పడుతుంది. చూడ్డానికి అదే అందం, కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఇనుము నూలును తినేస్తుంది. పాత బట్టల్లో నల్ల గీత ఉన్న చోటే ముందు చిరుగుతుంది. కాబట్టి సీటుకు నలుపు ఎక్కువగా నిండిన డిజైను తీసుకోవద్దు, ఎరుపు ఎక్కువగా ఉండి సన్న నల్ల గీతలున్నది తీసుకో. పసుపు రంగు ఎండకు అన్నిటికంటే ముందు వెలుస్తుంది, డోర్ ప్యాడు మీద అది తక్కువగా ఉండేలా చూడు.

కృష్ణాతీరం:

ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు తమ్ముడూ. బండి రేపు ఏలూరు పంపిస్తున్నా. మేస్త్రిగారూ, రెగ్జిన్ ఇప్పుడే కొనిపెట్టుకోనా? మెరూన్ బాగుందనిపించింది.

సీట్లమేస్త్రి:

ఇప్పుడొద్దు. ముందు బట్ట తెచ్చుకో, దాని పక్కన పెట్టి రెగ్జిన్ ఎంచుదాం. కొన్నప్పుడు పది మీటర్లూ ఒకే రోలు నుంచి కోయించు, రోలు మారితే ఛాయ మారుతుంది. మీటరు అదనంగా కోయించి ఇంట్లో ఉంచుకో, చుట్టి పెట్టు, మడతపెట్టకు. పైపింగుకు (కుట్ల అంచున వచ్చే గుండ్రటి పట్టీకి) మాత్రం మెరూన్ వద్దు, మీగడ రంగు తీసుకుందాం.