"చావ పైకుండాలె": చావనా, చేవనా?

హన్మకొండ: దర్వాజాలకు తెచ్చిన టేకుల ముక్కలు మిగిలినయి. ఇంకొన్ని నల్లతుమ్మ ముక్కలు కలిపి కూరగాయలు కోసే చెక్కలు చేస్తున్న. ముక్కలను పట్టీలుగ అతికి, ఆరినంక అడ్డంగ కోసి, ఒక్కొక్క పట్టీని లేపి నిలబెట్టి మళ్ల అతుకుడు. అప్పుడు నార కొసలు పైకొస్తయి. కత్తి ఆ కొసల నడుమ దిగుతది కాబట్టి గాట్లు తక్కువ కనబడ్తయి, పదునూ నిలుస్తది. ఈ పని పట్టినసంది, చిన్నప్పుడు మా వాడకట్టు వడ్ల తాత అన్న మాట ఒకటి యాదికొస్తున్నది: "చావ పైకుండాలె..." చివరకు "కత్తికి" అని ఆగుతది. నడిమిది పోయింది. ఎవరికన్న ఎరుకనా?

పరకాల: తమ్మీ, అది చేవ. మాను నడుమ గట్టిపడ్డ భాగం. చేవదేరిన కట్టె అంటం గద.

హన్మకొండ: లేదన్నా. నోరంత తెరిచి "చా" అన్నడు. ఇప్పటికీ చెవుల్నే ఉన్నది.

జమ్మికుంట: రెండూ ఉన్నయి. చావ చచ్చినోడంటరు, చేవ చచ్చినోడంటరు. నా లెక్కల చావ మనిషికి, చేవ మానుకు.

పరకాల: ఆ లెక్క నిలువది సార్. చేవ ఉన్న మనిషి అని రోజూ అంటనే ఉంటం. మాను నుంచే మనిషికొచ్చిన మాట అది.

నిర్మల్: మా దిక్కు బొమ్మలు చేసే పొనికి కట్టె చేతుల పట్టుకుంటె చేవ లేకపోవుడంటె ఏందో తెలుస్తది. తేలిక, మెత్తన, ఉలి ఎటు తిప్పితె అటు వస్తది. బొమ్మకు అదే కావాలె, కత్తి కింద మాత్రం ఆగది. ఇగ అసలు మాట. చేవ చెక్కను పండబెట్టినా, నిలబెట్టినా చేవనే. నార కొసలు పైకి వచ్చుడు వేరే సంగతి. తాత ఆ మాట ఈ తీరు చెక్క గురించి అన్నడని నాకు అనిపిస్తలేదు.

కరీంనగర్: మాంసం దుకాణంల చింత మొద్దు చూడలేదా? మానును అడ్డంగ కోసి, కోసిన ముఖం పైకి పెడ్తరు. తమ్ముడు ముక్కలతోని అతికేది అదే. చింతల నల్లటి చేవ నడిమిట్ల కొంచెమే ఉంటది, వేటు దాని మీదనే పడాలె. తాత మాట మొద్దు గురించే, నేను గట్టిగనే చెప్త.

జనగామ: మామిడి ముక్కలు కూడ కలపొచ్చు తమ్మీ. మామిడంటె నాకు పోతన పేరు మీది చాటువే మెదుల్తది. "బాలరసాలసాల నవపల్లవ కోమల కావ్యకన్యకన్ కూళలకిచ్చి". రసాలమంటేనే మామిడి, మళ్ల సాల ఎందుకు?

పరకాల: "గూళలకిచ్చి". కన్యకన్ ద్రుతాంతం, అంటె నకారంతోని ముగుస్తది, దాని తర్వాత "క" "గ" అయితది.

జమ్మికుంట: సాలమంటె గుగ్గిలం చెట్టు కూడ. ఇక్కడ మాత్రం ఉత్త చెట్టే. లేత మామిడి చెట్టు, దాని కొత్త చిగురు.

కరీంనగర్: నేను ఆగేది ఆ గూళ కాడనే. పద్యం పాదాల మొదట్ల బాల, హాలి, ద్దాలి, అన్నిట్ల రెండో అక్షరం లకారమే, నడుమ ఇదొక్కటే ళకారం. ప్రాసకు చెల్లుతది, నేను కాదంటలేను. మా బడిల సారు మాత్రం "గూల" అనే చదివెటోడు. ఆ పద్యం నాకు ఇప్పటికీ ఆయన గొంతుతోనే వినబడ్తది.

జనగామ: బమ్మెర మాకు దగ్గర్నే. "హాలికులైన నేమి" అని ఆ పొలాల గట్టు మీద నిలబడి చదివితే గొంతు పూడుకపోతది.

నిర్మల్: హన్మకొండ తమ్మీ, అతికినంక అడ్డదిడ్డంగ చిత్రిక పట్టకు, అంచుల కాడ నార చీలి ఊడొస్తది. సాండ్‌పేపర్‌తోనే ఓపికగ రుద్దు. పల్లి నూనె రాయకు, అది ఆరది, కొన్నాళ్లకు వాసనొస్తది. అవిసె నూనె ఆరుతది, దినాలు పడ్తది.

హన్మకొండ: మంచిదన్నా, పల్లి నూనె పక్కన పెట్టిన. ఇప్పుడే మా అక్కకు ఫోన్ చేసిన. తాత "చాయ పైకుండాలె" అన్నడంటున్నది.

పరకాల: చాయనా? అట్లయితె అర్థమే మారుతది. రంగు మంచిగున్న దిక్కు పైకి పెట్టమని.

జమ్మికుంట: రంగుకు, కత్తికి ఏం సంబంధం సార్? అక్కను ఇంకోసారి అడుగు తమ్మీ, "య" అన్నడా, "వ" అన్నడా.