బెజవాడ మారుతీ హాలు పాత సంగతులు ఎవరికైనా తెలుసా?

నమస్కారమండీ. పోతిన శ్రీనివాసరావు గారు 1921లో బెజవాడలో కట్టించిన మారుతీ సినిమా హాలు చరిత్ర సేకరిస్తున్నాను. ఆంధ్ర ప్రాంతంలో తొలి శాశ్వత సినిమా హాలు అదేనని చెబుతారు. అప్పుడన్నీ మూకీలే కదా, తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతలంటే నాకు మరీ ఆసక్తి. 1932లో తెలుగు టాకీ వచ్చాక వాళ్ళేమయ్యారు? ఈ హాల్లో టాకీ మెషిన్ ఎప్పుడు పెట్టారు?

మా తాతగారి ట్రంకుపెట్టెలో గులాబీరంగు కరపత్రం దొరికింది. నేల, బెంచీ, కుర్చీ రేట్లు కనిపిస్తున్నాయి గానీ తేదీ ఉన్న మూలే చెదలు తినేసింది. అలాంటి కరపత్రం, టికెట్టు ముక్క, హాలు ముందు దిగిన ఫోటో మీ దగ్గరుంటే దయచేసి ఫోన్లో తీసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళనీ ఒకసారి అడగరూ?