ఎండలో ఘాట్ ఎక్కేటప్పుడే ఇంజిన్ లీన్ అవుతోంది (గాలికి తగ్గ పెట్రోల్ అందట్లేదు), ఎక్కడ సరిచేయాలి?

బండి 2007 స్విఫ్ట్ 1.3 పెట్రోల్. చిన్న టర్బో, మెగాస్క్విర్ట్ ఈసీయూ (మనమే ట్యూన్ చేసుకునే ఇంజిన్ కంప్యూటర్), స్పీడ్ డెన్సిటీ ట్యూన్ (మానిఫోల్డ్ ప్రెషర్, ఆర్పీఎం, గాలి ఉష్ణోగ్రతలతో గాలిని లెక్కగట్టే పద్ధతి). తిరుపతిలో పొద్దున 6కి తీస్తే 3000 ఆర్పీఎం, మానిఫోల్డ్ ప్రెషర్ 70 కేపీఏ దగ్గర ఏఎఫ్ఆర్ (గాలి-పెట్రోల్ నిష్పత్తి) 13.8, బంగారంలా పోతుంది. మధ్యాహ్నం భాకరాపేట ఘాట్‌లో ఏ లారీ వెనకో పది నిమిషాలు పాకామా, టేబుల్‌లో అదే సెల్‌లో (అదే ఆర్పీఎం, అదే ప్రెషర్ గడి) 15.1. తొక్కితే ముక్కుతుంది.

అక్కడ వీఈ (సిలిండర్ ఎంత గాలి నింపుకుంటుందో చెప్పే అంకె, పెంచితే పెట్రోల్ పెరుగుతుంది) 8 శాతం పెంచా. ఘాట్‌లో 14కి దిగింది గానీ మర్నాడు పొద్దున 12.8, ప్లగ్గులకు మసి. ఫ్యూయల్ ప్రెషర్ 3 బార్ కదల్లేదు, ఎగ్జాస్ట్ లీకు లేదు. లాగ్‌లో మాత్రం ఇన్‌టేక్ గాలి 71 డిగ్రీలు, బయట 39! సెన్సార్‌ను మానిఫోల్డ్ లోహంలోనే బిగించాను (నా నిర్వాకమే).

దాన్ని టర్బో తర్వాతి పైపులోకి మార్చక తప్పదా, లేక 60 డిగ్రీల పైన గాలి ఉష్ణోగ్రత కరెక్షన్ టేబుల్ సరిచేస్తే చాలా?